వాడరు, వాడనివ్వరు

1937లో బ్రిటిష్ ప్రభుత్వం కంటోన్మెంట్ల భూముల నిర్వహణకు నియమాలు చేసింది. నేలను తరగతులుగా విడగొట్టింది. సైన్యం నిజంగా వాడుకుంటున్నవన్నీ ఏ-1: బారకాసులు, ఆయుధాగారాలు, పరేడ్ మైదానాలు, తుపాకి గురి నేర్చుకునే రేంజీలు, చివరికి గడ్డి పెంచే పొలాలు, పాడి పశువుల దొడ్లు కూడా. దాని పక్కన ఏ-2 ఉంది. సైన్యం దాన్ని వాడడమూ లేదు, అందులో ఉండడమూ లేదు. అయినా తాత్కాలికంగా తప్ప ఇంకెవరైనా ఇంకో పనికి వాడుకోవడానికి నిర్దిష్టమైన సైనిక అభ్యంతరాలున్నాయి. అలాంటి నేల ఏ-2. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, 1924 నాటి కంటోన్మెంట్ల చట్టం పోయి 2006లో కొత్త చట్టం వచ్చింది. ఆ తరగతి మాత్రం భూమి రిజిస్టర్లలో చెక్కుచెదరలేదు.

చట్టం రాసేవాళ్ళు ఇంత నిజాయితీగా మాట్లాడడం అరుదు. మాకు ఇప్పుడు అక్కర లేదు, మీకు ఇవ్వం, ఎందుకో చెప్పం. మిగతా భూచట్టాలన్నీ ఈ మాటనే ప్రజాప్రయోజనం, వ్యూహాత్మక అవసరం అని వంద పేజీల్లో చుట్టి చెబుతాయి. ఏ-2 ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ అభ్యంతరం ఏమిటో, ఎవరిదో మాత్రం అందులో లేదు. అభ్యంతరం ఉండాలంటే అభ్యంతరం చెప్పే మనిషి ఉండాలి కదా. ఆ మనిషి ఎవరు?

ఈ ప్రశ్నను ఢిల్లీలో అడిగితే ఫైలు అవుతుంది. సోలాపూర్ తూర్పు పేటల్లో అడిగితే బతుకవుతుంది. సాఖర్‌పేట్, భవానీపేట్, దాజీపేట్, జోడ్‌భావి పేట్, అశోక్‌చౌక్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి నాలుగైదు తరాల కింద బయలుదేరిన పద్మశాలీల పేటలివి. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిసిన మూడోది. ఇక్కడ నేలలో ఏ ముక్కకూ ఒక్క పనే ఉండదు. పవర్‌లూమ్ నడిచే కార్ఖానాకూ కాపురానికీ మధ్య ఒక్క గోడ. కొన్నిచోట్ల అదీ ఉండదు. పగటి పాళీకి పోయినవాడు లేచిన చోటే రాత్రి పాళీ నుంచి వచ్చినవాడు పడుకుంటాడు. ఇంటి ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని గడప మీద బీడీలు చుడతారు, పిల్లలు ఆ గడప దాటి బడికి పోతారు. మగ్గం మగవాళ్ళది, బీడీ ఆడవాళ్ళది; సోలాపూర్ తెలుగు సంసారం ఈ రెండు కూలీల మీద నిలబడింది. ఒక ఖోలీకి, అంటే గదికి, భాడె కట్టేవాళ్ళకు ఆ ఖోలీలో గజం నేల ఎన్ని గంటలు ఎవరికి పనికొస్తోందో లెక్క తెలుసు. ఖాళీగా ఉంచడమంటే ఏమిటో వాళ్ళకు అనుభవం లేదు. ఎందుకంటే ఖాళీగా ఉంచగలగడం ఒక సంపద. పెద్ద ఇంట్లో వాడని అతిథి గది, పెద్ద కుటుంబానికి వాడని తోట, పెద్ద రాజ్యానికి వాడని మైదానం. తత్వశాస్త్రం ఆస్తిని గురించి చాలా మాట్లాడింది గాని, వాడకుండా పెట్టుకునే శక్తిని విడిగా పట్టించుకున్నది తక్కువ.

సోలాపూర్‌లో సదర్ బజార్ ఉంది. దాన్ని ఆనుకుని లష్కర్ అనే పేట ఉంది. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఒకప్పుడు ఇక్కడ దండు దిగింది. అందుకు కారకుడైన మనిషి తెలుగువాళ్ళకు బాగా తెలిసినవాడే. 1818 మే నెలలో పీష్వా సేనను ఓడించి సోలాపూర్ కోటను పట్టుకున్నది థామస్ మన్రో దళం. అంతకు పదేళ్ళ ముందు దత్తమండలాల్లో రైత్వారీ స్థిరపరిచి, ఆ తర్వాత మద్రాసు గవర్నరై, రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత గౌరవం పొందిన మన్రోనే. రైత్వారీ సారం ఏమిటి? నడుమ జమీందారు లేకుండా ప్రతి రైతూ తన నేలకు తానే సర్కారుకు జవాబు చెప్పాలి. శిస్తు కడితే నేల ఉంటుంది, కట్టలేకపోతే వదులుకోవచ్చు. పట్టుకున్నవాడు పట్టుకున్నందుకు ఏడాదికోసారి మూల్యం చెల్లించాలి. రైతుకు ఆ నియమం పెట్టిన పాలనే తన దండు దిగిన నేలకు మాత్రం ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని హోదా ఇచ్చుకుంది. మన్రోను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన సైనికుడు, ఆ కాలం మనిషి. కానీ రెండు నియమాలూ ఒక్క చేతి మీదుగానే నడిచాయన్నది గుర్తుంచుకోదగ్గది.

సోలాపూర్ దండు కాలక్రమంలో కదిలిపోయింది. ఆ నేల ఊళ్ళో కలిసింది. దుకాణాలొచ్చాయి, ఇళ్ళొచ్చాయి, కచేరీలొచ్చాయి. దేశ రక్షణకు దానివల్ల లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. ఇంకో లష్కర్ ఉంది, మనకు ఇంకా దగ్గరిది. బోనాల పండగనాడు అందరి నోటా వినపడే సికింద్రాబాద్ లష్కర్. 1798లో నిజాంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం దిగిన బ్రిటిష్ సేన కోసం ఏర్పడి, 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరు. అక్కడ కంటోన్మెంటు విస్తీర్ణం దాదాపు 10 వేల ఎకరాలు. 2011 జనాభా లెక్కల్లో అందులో ఉన్న మనుషులు 2 లక్షలకు పైగా. ఒక లష్కర్‌లో దండు వెళ్ళిపోయి పేరు మిగిలింది. ఇంకో లష్కర్‌లో దండు మిగిలింది, చుట్టూ మహానగరం పెరిగి దాన్ని ఒరుసుకుంటోంది.

సికింద్రాబాద్‌లో తగాదా ఎలా నడుస్తుందో హైదరాబాద్ పాఠకులకు చెప్పనక్కరలేదు. కాలనీవాళ్ళు తరాలుగా నడిచిన రోడ్డుకు ఒకనాడు గేటు పడుతుంది, భద్రత అంటారు. 2018లో మూసిన రోడ్లు తెరవమని రక్షణ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ గొడవ పూర్తిగా చల్లారలేదు. పాత బంగళాల్లో ఓల్డ్ గ్రాంట్ అనే పద్ధతి ఉంది: కట్టడం నీది, కింది నేల సర్కారుది, సైన్యానికి కావలసి వస్తే కట్టడం ఖరీదిచ్చి లేచిపొమ్మనవచ్చు. పక్క వీధిలో మునిసిపాలిటీ ఉంటే ఒక నియమం, ఈ వీధిలో కంటోన్మెంట్ బోర్డు ఉంది గనక ఇంకో నియమం. 2023 ఏప్రిల్‌లో హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంటును రద్దు చేసినప్పుడు సికింద్రాబాద్‌వాళ్ళు కూడా మా వంతు ఎప్పుడు అని ఎదురుచూశారు. 2024 మార్చిలో ఎలివేటెడ్ కారిడార్ల కోసం సుమారు 175 ఎకరాల రక్షణ భూమిని తెలంగాణకు ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. మంచిదే. రాజీవ్ రహదారి మీద పొద్దునపూట ఇరుక్కునేవాళ్ళకు అది ఊరట. కానీ కార్లకు దారి అడిగితే కదిలిన ఫైలు, అద్దె ఖోలీలో ఆరుగురున్న సంసారానికి చోటు అడిగితే అంత వేగంగా కదిలిందని నేనెక్కడా వినలేదు.

దేశం మొత్తం మీద ఈ నేల ఎంత? రక్షణ శాఖ తన భూముల సర్వే పూర్తయిందని 2022 జనవరిలో ప్రకటించింది. అప్పటి లెక్కన దాని చేతిలో ఉన్నది 17.99 లక్షల ఎకరాలు. అందులో కంటోన్మెంట్ల లోపల ఉన్నది 1.61 లక్షల ఎకరాలే. మిగిలిందంతా వాటి బయట: ఫైరింగ్ రేంజీలు, పాత విమాన పట్టీలు, సేన కాలినడకన సాగిన రోజుల్లో రాత్రికి డేరాలు వేసుకునే మజిలీ మైదానాలు. సేనలు నడవడం మానేసి వందేళ్ళయింది. మజిలీ మైదానం ఇప్పటికీ మజిలీ మైదానమే. సైన్యానికి పాలు పోయడానికి 1889లో అలహాబాద్‌లో మొదలైన మిలిటరీ డెయిరీ ఫారాలు 132 ఏళ్ళు నడిచి 2021 మార్చి 31న మూతపడ్డాయి. వాటి కింద సుమారు 20 వేల ఎకరాలుండేవి. ఆవులు పోయాయి. ఆ నేల ఏ తరగతిలోకి మారాలి, ఎవరిని అడిగి మారాలి అన్న ప్రశ్న ఊళ్ళలో ఎక్కడైనా చర్చకు వచ్చిందా?

నేత పేటల నుంచి చూస్తే ఇక్కడ ఒక అన్యాయం ఉంది. మగ్గం ఆగితే యజమానికి ఆ రోజే తెలుస్తుంది. కరెంటు బిల్లులో స్థిర ఛార్జీ ఆగదు, నూలు కొన్న అప్పు మీద వడ్డీ ఆగదు, కూలివాడు వేరే కార్ఖానాకు పోతాడు. చాదర్లకు, టవళ్ళకు గిరాకీ పడిపోయిన ప్రతిసారీ సోలాపూర్ ఈ మాట తెలుసుకుంది. ఆగిన మగ్గానికి ఖర్చుంది. ఆగిన నేలకు లేదు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ఆస్తి మీద రాష్ట్రాలూ పురపాలికలూ పన్ను వేయకూడదు. పార్లమెంటు ఒప్పుకుంటే తప్ప. కొన్నిచోట్ల సేవల రుసుము పేరుతో కొంత ఇస్తారు. అంటే ఖోలీవాడు తన పది గజాలకు యజమాని చేతి మీదుగా పన్ను కడతాడు, పది వేల ఎకరాలు పెట్టుకున్నవాడికి పెట్టుకున్నందుకు నొప్పి లేదు. నొప్పి లేనిచోట నిర్ణయం ఎందుకు జరుగుతుంది? ఖాళీ నేల మీద ఏ అధికారీ దుర్బుద్ధితో కూర్చోలేదు. ఏమీ చేయకపోతే ఎవరికీ ఏమీ కాదు, ఏదైనా చేస్తే విచారణ రావచ్చు. అందుకే ఏమీ జరగదు.

అయితే అవసరమే హక్కా? ఇక్కడ తొందరపడకూడదు. నాకు కావాలి గనక నాది అనే వాదన నేతన్న నోట్లో న్యాయంగా వినిపిస్తుంది. ఇదే వాదన గనుల కంపెనీ నోట్లో అడవికి ముప్పు. వాడనివాడికి హక్కు లేదు అనే సూత్రంతోనే ఐరోపా వలసవాదులు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఆదివాసుల నేలను ఖాళీ నేల అన్నారు. దున్నలేదు గనక అది వాళ్ళది కాదన్నారు. జాన్ లాక్ ఆస్తి సిద్ధాంతానికి శ్రమే పునాది; ఆ పునాది మీదే ఈ దోపిడీ కూడా నిలబడింది. కాబట్టి ఖాళీ అన్న మాట ఎవరు ఎవరి నేల గురించి అంటున్నారో ముందు చూడాలి. బలహీనుడి దగ్గరున్న నేలను బలవంతుడు ఖాళీ అంటే అనుమానించాలి. బలవంతుడి దగ్గరున్న నేలను బలహీనుడు ఖాళీ అంటే కనీసం వినాలి. రెండింటికీ ఒక్క సూత్రం వర్తించదు. ఎందుకంటే రాజ్యం ఒక మనిషి కాదు. దానికి సొంత ఆకలి లేదు, సొంత నిద్ర లేదు, వానకు తడిసే ఒళ్ళు లేదు. మనుషుల తరఫున పెట్టుకోవడం తప్ప దానికి వేరే పెట్టుకోవడం లేదు. అలాంటప్పుడు దాని ఖాళీకి లెక్క అడిగే హక్కు ఆ మనుషులకు పుట్టుకతోనే ఉండాలి.

సైన్యం జవాబు కూడా వినవలసిందే. ఇవాళ అక్కర లేనిది రేపు కావచ్చు, యుద్ధం చెప్పి రాదు, ఊరి నడుమ ఒకసారి వదిలిన నేల మళ్ళీ దొరకదు. ఇందులో నిజం ఉంది. జవాను కుటుంబానికీ ఇల్లు కావాలి. ఆ జవాను కూడా ఏ నేతపేట నుంచో, ఏ పల్లె నుంచో వెళ్ళినవాడే. ఇంకో సంగతి, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది: సికింద్రాబాద్‌లో ఇవాళ మిగిలిన పెద్ద చెట్లలో చాలావాటికి నీడనిచ్చింది సైన్యం గోడే. ఆ గోడ లేకపోతే ఈ పాటికి అక్కడ ఏముండేదో నగరంలో మిగతా చోట్ల చూస్తున్నాం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం సైన్యం చేతిలోని బైసన్ పోలో మైదానాన్ని కొత్త సచివాలయం కోసం అడిగినప్పుడు కోర్టుకు వెళ్ళినవాళ్ళు సైన్యం తరఫు మనుషులు కారు, పౌరులే. పిల్లలు బంతి ఆడుకునే మైదానం ప్రభుత్వానికి ఖాళీగా కనిపించింది, ఆడుకునేవాళ్ళకు కనిపించలేదు. చివరికి సచివాలయం పాత చోటే కట్టారు. సైన్యం పెట్టుకున్నదంతా వృథా అనే కోపం నాకు లేదు. రేపటి అవసరం, చెట్టు, ఆటస్థలం ఇవి చెప్పదగిన కారణాలు. చెప్పాలి. ఏ-2 నిర్వచనంలో లేనిది అదే.

సోలాపూర్‌కు సైన్యంతో వేరే జ్ఞాపకం కూడా ఉంది. 1877లో మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును ఊళ్ళో జూనీ మిల్లు అన్నారు. అది కరువు కాలం. పల్లెల్లో తిండి లేదు, మిల్లులో కూలి ఉంది. తర్వాత ఒకటొకటిగా వచ్చిన మిల్లుల చుట్టూ తెలుగువాళ్ళ పేటలు గట్టిపడ్డాయి. 1930 మే 5న గాంధీని అరెస్టు చేశారన్న కబురు రాగానే ఆ మిల్లుల కూలీలు పని ఆపేశారు. కాల్పులు, మంటలు. రెండు మూడు రోజులు ఊళ్ళో సర్కారు అనేదే లేదు. తర్వాత సైన్యం దిగింది. మే 12న మార్షల్ లా వచ్చింది, గాంధీ టోపీ పెట్టుకోవడమే నేరమైంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందేలను ఉరితీశారు. పౌరుల ఊరు మొత్తం కొన్ని వారాల పాటు సైనిక భూమి అయిపోయిన చరిత్ర ఇది. అదే ఊళ్ళో నేరస్థ జాతులని ముద్ర వేసిన కుటుంబాలను ముళ్ళకంచె వేసిన సెటిల్‌మెంట్‌లో ఉంచి, హాజరు తీసుకుని మిల్లు పనికి పంపారు. ఆ ముద్రకు ఆధారమైన నేరస్థ జాతుల చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. కంచె మనుషుల్ని బయట ఉంచడానికే కాదు, లోపల ఉంచడానికీ పనికొస్తుందని సోలాపూర్ రెండు తరాల పాటు చూసింది.

నేల విడుదలైందే అనుకుందాం. ఎవరికి? ఈ ప్రశ్న వేయకుండా విడుదల కోరడం అమాయకత్వం. ముంబయి మిల్లుల సంగతి నేతపనివాళ్ళకు తెలిసిన పాఠం. వర్లీ చాళ్లలో, కామాఠీపురాలో తెలుగువాళ్ళు ఆ మిల్లులను నమ్ముకునే బతికారు. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్ళీ సరిగ్గా లేవలేదు. 1991 నాటి అభివృద్ధి నియమం 58 ప్రకారం మిల్లు నేలలో స్థూలంగా మూడో వంతు నగరానికి బహిరంగ స్థలంగా, మూడో వంతు సామాన్యుల ఇళ్ళకు, మూడో వంతు యజమానికి. చూడ్డానికి ధర్మంగానే ఉంది. 2001లో ఒక సవరణ వచ్చింది: పంపకం మొత్తం నేలకు కాదు, ఖాళీగా ఉన్న నేలకే. మిల్లు షెడ్లు నిలబడిన నేల ఖాళీ కిందికి రాదు గనక పంపకానికి మిగిలింది కొంచెమే. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒక్క విశేషణం ఎన్ని ఎకరాలను తినేసిందో చూడండి. ఇవాళ అక్కడ గాజు మేడలున్నాయి, మాల్స్ ఉన్నాయి. సైన్యం నేల రేపు ఇలాగే విడుదలైతే, ఖోలీవాడు ఇప్పుడు చూస్తున్న కంచె స్థానంలో గేటెడ్ కమ్యూనిటీ గోడను చూస్తాడు. అంతకంటే చెట్లున్న కంచే నయం.

భూదానం కథ కూడా ఇటువైపే చూపిస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో ఉన్నప్పుడు దళితులు సాగుకు 80 ఎకరాలు అడిగారు; వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని లేచారు. అది నేతవాళ్ళ ఊరు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ రోజు నుంచి వినోబా దేశమంతా నడిచి భూస్వాములను అడిగారు. ప్రభుత్వం దగ్గరున్న వాడని నేలను అదే పద్ధతిలో, అదే గొంతుతో ఎవరూ అడగలేదు. మనిషిని అడగడానికి మనిషికి మనసుందని నమ్మాలి. రిజిస్టరును ఏమని అడుగుతారు? దానం చేసిన భూముల్లో చాలా భాగం తర్వాత పంపకం లేకనో తగాదాల్లోనో మిగిలిపోయింది. ఇచ్చే చేతి కన్నా అందే చేయి దాకా నడిచే దారే ఎక్కువ కష్టం.

సోలాపూర్ కార్మికులు ఎవరినీ దానం అడగకుండా ఒక పని చేశారు, దాన్ని పొగడకుండా ఉండలేను. అక్కలకోట దారిలో, నగరం బయట ఉన్న కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు ఒక కాలనీ వచ్చింది. నడిపించింది తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన సీపీఎం నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం. ఊళ్ళో ఆడం మాస్తర్ అంటారు. వర్లీ ఆదివాసుల పోరాటంలో పనిచేసిన గోదావరి పరూళేకర్ పేరు పెట్టారు. 10 వేలకు పైగా ఇళ్ళు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. తర్వాత అక్కడే రాయ్‌నగర్ పేరుతో 30 వేల ఇళ్ళ పథకం. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ 15 వేల ఇళ్ళను అప్పగించారు. మగ్గం కూలీలు, బీడీ చుట్టేవాళ్ళు, బండ్ల మీద అమ్ముకునేవాళ్ళు, చెత్త ఏరుకునేవాళ్ళు ఆ జాబితాలో ఉన్నారు. ఒక ఎర్రజెండా నాయకుడు, ఇద్దరు వేర్వేరు పార్టీల ప్రధానులు ఒకే ఊరి ఇళ్ళకు తాళాలు తెరిచిన సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు.

కానీ కుంభారి సోలాపూర్ కాదు. బీడీ ఆకు మనిషి ఎక్కడుంటే అక్కడికి పోగలదు, మగ్గం పోలేదు. పాళీ అయ్యాక అర్ధరాత్రి ఇంటికి చేరాలి, పెద్ద ఆసుపత్రి నగరంలో ఉంది, పిల్ల కాలేజీ నగరంలో ఉంది. పేదవాడికి ఇల్లు అనగానే ఊరి అంచు ఎందుకు గుర్తొస్తుంది మనకు? ఊరి నడుమ నేల లేదంటాం. లేకపోవడం కాదు, మనం అడగలేని చేతుల్లో ఉంది. పేదలు అంచుకు పోతారు, అంచున ఉన్న రైతు నేల కరిగిపోతుంది. సుప్రీంకోర్టు చమేలీ సింగ్ కేసులో నీడకు హక్కు జీవించే హక్కులో భాగమని గొప్పగా చెప్పింది. ఆ కేసులో దళితుల ఇళ్ళ కోసం అత్యవసర నిబంధన వాడి తీసుకున్నది ఎవరి నేల? రైతులది. ఇంటి అవసరం అత్యవసరమైతే రైతు విషయంలోనే ఎందుకైంది? రాజ్యం తన ఏ-2 నేల ముందు నిలబడ్డప్పుడు ఆ తొందర ఎటుపోతుంది?

ఇంగ్లండులో ఇలాంటి ప్రశ్న ఒక మంత్రి పదవిని తీసింది. డార్సెట్‌లో క్రిచెల్ డౌన్ అనే 725 ఎకరాలను 1938లో వైమానిక శాఖ బాంబులు వేయడం నేర్చుకోవడానికి తీసుకుంది. యుద్ధం అయిపోయాక ఆ అక్కర తీరింది. నేలను పాత హక్కుదారులకు ఇవ్వకుండా వ్యవసాయ శాఖకు బదిలీ చేశారు. పాత యజమాని కుటుంబం ఊరుకోలేదు. విచారణ జరిగింది, 1954 జులైలో మంత్రి థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశాడు, అక్కర తీరిన నేలను ముందు పాత యజమానికే ఇవ్వజూపాలన్న నియమాలు పుట్టాయి. బాగుంది. అడిగినవాళ్ళు పెద్ద జమీందారీ కుటుంబం కాకపోతే ఇంత జరిగేదా అని మాత్రం నాకు అనుమానం. అదే బ్రిటన్ చేతిలోని జిబ్రాల్టర్ 6.8 చదరపు కిలోమీటర్ల రాతిగుట్ట. అందులో చాలా భాగం దశాబ్దాల పాటు సైన్యానిదే. జనం ఇళ్ళు లేక ఇరుక్కున్నారు. 1990లలో సముద్రం పూడ్చి ఆ పూడిక మీద ఇళ్ళు కట్టుకున్నారు. సైన్యాన్ని జరపడం కన్నా సముద్రాన్ని జరపడం తేలికైందన్నమాట.

మన దేశంలో 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ ఒక మంచి మాట చెబుతుంది: సేకరించిన నేలను స్వాధీనం చేసుకున్న ఐదేళ్ళ దాకా వాడకపోతే పాత యజమానికో అతని వారసులకో లేదా ప్రభుత్వ భూబ్యాంకుకో తిరిగి ఇవ్వాలి. ఐదేళ్ళు వాడకపోతే కారణం పోయినట్టేనని ప్రజాస్వామ్యం తనకు తాను పెట్టుకున్న నియమం అది. ఆ చట్టం కింద సేకరించిన నేలకే అది వర్తిస్తుంది. 1798 ఒప్పందం మీద దండు దిగిన నేలకు, 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద పోయిన పొలానికి, సేన నడక మానేసిన మజిలీ మైదానానికి వర్తించదు. రైతు నేలకు ఐదేళ్ళ గడువున్నప్పుడు రాజ్యం నేలకు ఇరవై ఏళ్ళయినా ఎందుకుండకూడదు? గడువు తీరాక అక్కర ఏమిటో రాసి ఊరి ముందు పెట్టాలి. అక్కర ఉంటే ఉంచుకోవాలి. చెట్లే అక్కరైతే చెట్ల పేరే రాయాలి. లేదంటే ఆ నేల ముందు అద్దెకున్నవాళ్ళకు, అమ్ముకోలేని షరతు మీద, ఊరి నడుమే దక్కాలి.

ఇది కోర్టులూ ఢిల్లీ దొరలూ తేల్చేదాకా చేయగలిగింది ఒకటుంది. ప్రతి కంటోన్మెంటుకూ జనరల్ లాండ్ రిజిస్టర్ ఉంటుంది. ఏ సర్వే నంబరు ఏ తరగతో అందులో రాసి ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మీ పేట పక్కనున్న నేల ఏ తరగతిదో అడగండి. ఏ-2 అని జవాబొస్తే, ఆ అభ్యంతరం ఏమిటో, ఎవరిదో రాసి ఉన్న కాగితం నకలు కూడా అడగండి.